నాకు కనబడని దీపం

బండికి ఉన్న దీపాల్లో నడిపేవాడికి ఎన్నడూ కనబడనిది బ్రేక్ లైటు. హెడ్‌లైటు పోతే దారి కనబడదు, అదే రాత్రి బాగు చేయించుకుంటాం. హారన్ పోతే మొదటి మలుపులోనే తెలుస్తుంది. బ్రేక్ లైటు పోతే మాత్రం మన ప్రయాణంలో ఏమీ మారదు. తేడా తెలిసేది వెనక వచ్చేవాడికి. అతనికి తెలిసేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది.

ఈ సంగతి నాకు బుద్ధితో తెలిసిందనుకుంటే పొరపాటు, దెబ్బ తగిలాకే తెలిసింది. ఆ దెబ్బ కూడా నాకు తగల్లేదు, వేరే మనిషికి తగిలింది. అందుకే ఇది రాస్తున్నాను. ఆ దెబ్బకు ముందు కొన్నాళ్ళలో నేను చేసిన మూర్ఖపు పనులను ఒకటీ దాచకుండా వరసగా చెబుతాను. పాత బండి ఇంట్లో ఉన్న ఎవరైనా ఇవే పనులు, ఇదే వరసలో చేసే వీలుంది.

నేను జమ్మికుంటలో హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. పక్క పల్లెలో మాకు కొంత చేను ఉంది. ఆ చేను పనికోసం మా బాపు కొన్న టాటా ఏస్ ట్రాలీ ఇంట్లో ఉంది. 2005లో మార్కెట్‌లోకి వచ్చిన ఆ రెండు సిలిండర్ల చిన్న డీజిల్ బండి, మా వైపు ఎడ్లబండ్లు చేసే పనులు చాలావరకు తన మీద వేసుకుంది. మాది తెలంగాణ రాకముందు కొన్నది. నంబరు ప్లేటు మీద ఇప్పటికీ ఏపీ 15 అనే ఉంటుంది, అది అప్పటి కరీంనగర్ జిల్లా గుర్తు. యూరియా, డీఏపీ బస్తాలు, వడ్లు, దసరా దాటాక పత్తి, అన్నీ దానిమీదే. బాపు పోయాక స్టీరింగు నా చేతికొచ్చింది. బడి లేని రోజుల్లో, బడి ఉన్న రోజు తెల్లవారుజామున, నేనే నడుపుతాను.

జమ్మికుంట పత్తి మార్కెట్ ఉత్తర తెలంగాణలో పెద్ద పేరున్నది. సీజన్ వచ్చిందంటే పొద్దు పొడవక ముందే ట్రాలీలు, ట్రాక్టర్లు యార్డు గేటు ముందు బారులు తీరుతాయి. పత్తిలో తేమ 8 శాతం లోపు ఉంటేనే మద్దతు ధర పూర్తిగా చేతికొస్తుంది. 12 శాతం దాటితే ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనదు. అందుకే చలికాలపు మంచు పడకుండా పత్తి మీద పరదా కప్పి, తాళ్ళతో బిగించి తెస్తాం. పత్తి బండి అంచులు దాటి పొంగి ఉంటుంది, పరదా కొసలు వెనక లైట్ల మీదికి వేలాడుతుంటాయి. ఆ కొసలను పైకి మడిచి కట్టాలన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు. తేమ గురించి ఆలోచించాను, ధర గురించి ఆలోచించాను, వెనక వచ్చేవాడి గురించి ఆలోచించలేదు.

లైటు పోయిన సంగతి మొదట చెప్పింది మా పక్కచేను రైతు. మోటారు సైకిల్ మీద నా వెనకాలే వచ్చి, చేను గట్టు దగ్గర దిగి, "బావా, నువ్వు బ్రేకు కొడితె వెనక ఎర్రలైటు వస్తలేదు, జర చూపించుకో" అన్నాడు.

"బ్రేకులు మంచిగనే పడుతున్నయ్ గదా" అన్నాను.

నా మూర్ఖత్వమంతా ఆ ఒక్క జవాబులో ఉంది. ఆయన చెప్పింది తన కళ్ళకు కనబడనిదాని గురించి, నేను జవాబిచ్చింది నా కాలికి తెలిసినదాని గురించి. బండి ఆగుతోంది కాబట్టి బండి బాగుందనుకున్నాను. ఆగడం ఒక పని, ఆగుతున్నానని చెప్పడం ఇంకో పని. రెండోది చేయని బండి సగం బ్రేకులతో నడుస్తున్నట్టే.

ఆ తర్వాత ఒక గుర్తు నా కళ్ళముందే కనబడింది. పగటిపూట, లైట్లన్నీ ఆపి ఉన్నప్పుడు, బ్రేకు తొక్కితే మీటరు బోర్డులోని చిన్న దీపం సన్నగా వెలిగేది. కాలు తీస్తే ఆరిపోయేది. బ్రేకుకూ ఆ దీపానికీ సంబంధం ఉండకూడదు. ఉందంటే కరెంటు తాను పోవాల్సిన దారి వదిలి వేరే దారి వెతుక్కుంటోందన్నమాట. ఈ పాఠం నేను ఏటా నల్లబల్ల మీద బొమ్మ గీసి చెబుతాను. బ్యాటరీ నుంచి బయలుదేరిన కరెంటు తిరిగి బ్యాటరీకి చేరితేనే వలయం పూర్తవుతుంది, పూర్తయితేనే బల్బు వెలుగుతుంది. పిల్లల కాపీల్లో ఆ తిరుగు గీత లేకపోతే మార్కులు తీసేస్తాను. నా బండిలో ఆ తిరుగు గీత గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పాత బండి కదా, ఏదో ఒకటి వెలుగుతుందిలే అనుకున్నాను.

కొన్నాళ్ళకు ఇంకెవరో కూడా అదే మాట చెప్పేసరికి బల్బులు కొనుక్కొచ్చాను. ఇక్కడే ఆగి ఆలోచించాల్సింది. కుడివైపు, ఎడమవైపు రెండు బ్రేక్ లైట్లూ ఒకేసారి పోతే రెండు బల్బులూ ఒకేసారి మాడాయనుకోవడం దాదాపు అసాధ్యం. ఒక్కటి పోతే బల్బును అనుమానించాలి. రెండూ కలిసి పోతే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని అనుమానించాలి. అవి ఫ్యూజు, బ్రేకు పెడల్ దగ్గరి స్విచ్, అక్కడి నుంచి వెనక్కి వచ్చే వైరు, ఎర్త్ అంటే బండి ఇనుము గుండా కరెంటు తిరిగిపోయే దారి. ఇంత చిన్న తర్కం నాకు తట్టలేదు. తట్టకపోవడానికి కారణం తెలివి లేకపోవడం కాదు. బల్బు అంగడిలో దొరుకుతుంది, చేత్తో మార్చవచ్చు, మార్చాక పని చేసినట్టు మనసుకు తృప్తిగా ఉంటుంది. వైరు వెంట వెతకాలంటే బండి కిందికి దూరాలి, తెలియదని ఒప్పుకోవాలి.

వెనక లైటులో ఒకే బల్బులో రెండు తీగలు ఉంటాయి. రాత్రి మామూలుగా వెలిగే తీగ 5 వాట్లది, బ్రేకు తొక్కితే వెలిగేది 21 వాట్లది. బల్బు మొదలు దగ్గర ఇరువైపులా ఉండే చిన్న ముళ్ళు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి. బల్బును తిరగేసి పెట్టకుండా అట్లా చేశారు. నేను ఆ ముళ్ళను చూడలేదు. బల్బు హోల్డరులో కూర్చోకపోతే తుప్పు అడ్డమొచ్చిందనుకొని, బలంగా నొక్కి తిప్పాను. ఏదో విరిగినట్టు చప్పుడైంది, బల్బు కూర్చుంది. కుడివైపు హోల్డరు వెనక ఇత్తడి రేకు వంగి, బండి బాడీ ఇనుముకు ఆనుకునేంత దగ్గరికి వచ్చిందని అప్పుడు నాకు తెలియదు. పాత జబ్బు నయం కాలేదు, కొత్త జబ్బు నా చేతులతో నేనే తెచ్చాను.

బ్రేకు తొక్కగానే ఫ్యూజు పోయింది. కొత్తది వేశాను, అదీ పోయింది. ఇంకా పెద్దది వేశాను. రెండు బ్రేక్ లైట్లూ కలిపి 42 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ మీద అవి లాగేది మూడున్నర ఆంపియర్లు మాత్రమే. 10 ఆంపియర్ల ఫ్యూజు పోయిందంటే ఎక్కడో కరెంటు నేరుగా ఇనుములోకి దూకుతోందని అర్థం. ఈ భాగాహారం పిల్లలతో చేయిస్తాను. ఆ రోజు నేను చేయలేదు. పెద్ద ఫ్యూజు కూడా పోయేసరికి రాగి వైరు పోగులు మెలేసి ఫ్యూజు స్థానంలో చుట్టాను. అది మరి పోలేదు. పోలేదు కాబట్టి బాగైందనుకున్నాను.

ఇంతకంటే ప్రమాదకరమైన పని ఆ బండికి నేను ఎన్నడూ చేయలేదు. ఫ్యూజు ఉన్నది పోవడానికే. అది పోతేనే వైరు మాడకుండా మిగులుతుంది. దానికి పోయే గుణం లేకుండా చేస్తే ఆ పని వైరు చేయాల్సి వస్తుంది. ఆ వైరు పోయేది డీజిల్ ట్యాంకు ఉన్న బండి కింద నుంచి, నేను నింపేది ఎండిన పత్తి. ఒక నిప్పురవ్వ చాలు. గుంతల్లో బండి కుదిపినప్పుడు ఒకటి రెండుసార్లు రబ్బరు కాలిన వాసన వచ్చింది. రోడ్డు పక్కన ఎవరో చెత్త తగలబెడుతున్నారనుకొని అద్దం పైకి లేపుకున్నాను.

లైటు వెలుగుతోందా లేదా అని చూసుకున్న తీరు కూడా చెప్పాలి. సాయంత్రం ఇంటి ముందు లైట్లు వేసి, పెడల్ మీద ఇటుక బరువు పెట్టి, దిగి వెనక్కి వెళ్ళి చూశాను. ఎర్రగానే కనబడింది. అది రాత్రిపూట మామూలుగా వెలిగే 5 వాట్ల దీపం. దాన్ని చూసి బ్రేక్ లైటు అనుకున్నాను. లైట్లన్నీ ఆపి చూడాలి, లేదా ఒక మనిషిని వెనక నిలబెట్టి, పెడల్ తొక్కుతూ వదులుతూ తేడా అడగాలి. ఇంట్లో అందరూ ఉన్నారు. ఎవరినీ పిలవలేదు. పిలిస్తే, ఇన్నాళ్ళూ లైటు లేకుండా నడిపావా అని అడుగుతారు. ఆ ప్రశ్న వినడం ఇష్టంలేక పిలవలేదు.

పత్తి వేసుకొని యార్డుకు బయలుదేరిన ఒక తెల్లవారుజామున మంచు గట్టిగా కురుస్తోంది. అదే రోజుల్లో మా వైపు వరి కోతలు కూడా సాగుతాయి. కళ్ళాలు చాలక వడ్లు తారు రోడ్డు మీదే ఆరబోస్తారు, రాత్రికి కుప్ప చేసి పరదా కప్పి, చుట్టూ రాళ్ళు పెడతారు. అట్లాంటి కుప్ప ఒకటి మంచులోంచి ఉన్నట్టుండి ఎదురైంది. బ్రేకు తొక్కాను. బండి ఆగింది. వెనక తలుపుకు ఏదో బలంగా తగిలింది.

పాల క్యాన్లు కట్టుకొని ఊళ్ళోకి వస్తున్న మనిషి. మోటారు సైకిల్ ఒకవైపు, ఆయన ఒకవైపు పడి ఉన్నారు. పాలు రోడ్డంతా పారుతున్నాయి. ఆయన కుడి మణికట్టు పట్టుకొని లేచి కూర్చున్నాడు. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళి, చూసుకొని రావద్దా అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది, ఈ రోజుకూ మరిచిపోలేను. ఆయన కోపం లేకుండా అన్నాడు: "నువ్వు ఆగుతున్నవని నాకెట్ల ఎరుక అన్నా?"

దానికి జవాబు లేదు. ఆయన నలభై కిలోమీటర్ల వేగంతో వచ్చాడనుకున్నా సెకనుకు 11 మీటర్లు. మంచులో నా బండి ఆకారం కనబడుతూనే ఉంది, కానీ అది కదులుతోందో ఆగిందో తేల్చుకోవడానికి కంటికి సమయం పడుతుంది. ఎర్రదీపం ఆ సమయాన్ని మిగిల్చి ఇస్తుంది. నేను ఆ సమయం ఆయనకు ఇవ్వలేదు. హాస్పిటల్‌కు తీసుకెళ్ళాను. మణికట్టు ఎముక విరిగిందన్నారు. ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఆయన కట్టు విప్పేదాకా పాలు పితికే పని, పోసే పని ఆయన ఇంటామె మీద పడ్డాయి. అది డబ్బుతో తీరే బాకీ కాదు.

ఆ రోజే బండిని ఆటో వైరింగ్ చేసే మిస్త్రీ దగ్గరికి తోలాను. జరిగింది చెప్పాను. ఆయన బల్బు ముట్టుకోలేదు. ముందు ఫ్యూజు డబ్బా తెరిచి, నేను చుట్టిన రాగి పోగులు చూసి, ఏమీ అనకుండా పీకి పక్కన పెట్టి, సరైన ఫ్యూజు వేశాడు. తర్వాత నన్ను అడిగాడు: "రెండూ ఒక్కసారే పోయినయా సారూ, ఒకదానెనక ఒకటా? హారన్ మోగుతుందా? ఇండికేటర్లు ఎట్లున్నయ్? బ్రేకు తొక్కితె ఇంకేదన్న వెలుగుతుందా?"

మీటరు బోర్డు దీపం సంగతి చెప్పాను. ఆయన తలెత్తి నన్ను చూశాడు. "అదే చెప్పింది గదా సారూ, ఎర్త్ లేదని" అన్నాడు.

ఆయన చేతిలో ఉన్నది ఒక బల్బు, దానికి రెండు వైర్లు, అంతే. టెస్ట్ ల్యాంపు అంటారు. ఒక వైరును ఇంజను దగ్గర శుభ్రమైన ఇనుముకు తగిలించి, రెండో వైరుతో పెడల్ స్విచ్ దగ్గర చూశాడు. నన్ను తొక్కమన్నాడు, వెలిగింది. అంటే స్విచ్ బాగుంది. వెనక హోల్డరు దగ్గర చూశాడు, వెలిగింది. అంటే కరెంటు చివరిదాకా వస్తోంది. తర్వాత ఒక మూర వైరు తీసి, ఒక కొసను లైటు డబ్బా ఇనుముకు, ఇంకో కొసను ఛాసిస్ మీద గీకిన బోల్టుకు ఆనించాడు. "తొక్కు సారూ" అన్నాడు. ఎడమవైపు లైటు నిండుగా ఎర్రగా వెలిగింది. బల్బు బాగుంది, నేను కొత్తవి కొనకముందు ఉన్న పాత బల్బులూ బాగుండే ఉంటాయి.

బండి ఇనుమంతా కరెంటుకు తిరుగు దారి. రెండు వెనక లైట్లకూ కలిపి ఒకచోట బోల్టుతో ఛాసిస్‌కు బిగించిన చిన్న వైరే ఆ దారిలోకి తలుపు. మా బండి మీద పగిలిన ఎరువు బస్తాల పొడి, వాన నీళ్ళతో కలిసి ఆ బోల్టును తినేసింది. ఎరువు ఇనుముకు శత్రువని ప్రతి రైతుకూ తెలుసు. ఎరువు దించాక బండి కడిగించని తప్పు నాదే. పూడిన పిల్లకాలువలో సన్నధార పోతుంది, నిండు నీళ్ళు వదిలితే పోవు. తుప్పు పట్టిన ఎర్త్ కూడా అంతే. 5 వాట్ల దీపానికి కావలసిన కరెంటు ఎట్లాగో పోయింది, 21 వాట్ల దీపాలకు కావలసింది పోలేక, మీటరు బోర్డు దీపం గుండా దారి వెతుక్కుంది. నాకు ఇన్నాళ్ళూ కనబడిన ఆ సన్నని వెలుగు అదే.

మిస్త్రీ ఆ బోల్టు విప్పి, కింద ఇనుము తెల్లగా మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, కొత్త రింగు వేసి బిగించి, పైన గ్రీజు పూశాడు. నేను పాడుచేసిన కుడివైపు హోల్డరు మార్చాడు. పైతొడుగు కరిగి, లోపలి రాగి బయటపడిన వైరు ముక్కను కోసి తీసి నా చేతిలో పెట్టాడు. అప్పుడు అన్నాడు: "ముందుగాల సామాను మార్చద్దు సారూ. కరెంటు ఎక్కడిదాక వస్తుందో చూడాలె, వచ్చినంక ఎట్ల వాపస్ పోతుందో చూడాలె. గంతే." ఆయన ఏ బడిలో భౌతికశాస్త్రం చదివాడో నాకు తెలియదు. నాకంటే బాగా చదివాడు. ఆ వైరు ముక్కను ఇప్పుడు క్లాసుకు తీసుకెళ్ళి పిల్లలకు చూపిస్తాను, ఎందుకు మాడిందో వాళ్ళతోనే చెప్పిస్తాను.

తర్వాత ఈ దీపం గురించి చదివాను. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ప్రమాదాలు జరిగిన తీరును బట్టి చూస్తే ఆ ఏడాది అన్నింటికంటే పెద్ద వాటా వెనక నుంచి గుద్దడానిదే. 1974లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో జాన్ వోవొడ్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొన్ని టాక్సీలకు వెనక అద్దం అడుగున ఇంకొక బ్రేక్ లైటు అమర్చి చూస్తే, వెనక నుంచి గుద్దే ప్రమాదాలు 60 శాతం దాకా తగ్గాయి. 1986 మోడల్ నుంచి అక్కడ కొత్త కార్లన్నింటికీ మూడో బ్రేక్ లైటు తప్పనిసరి చేశారు. అందరి కార్లకూ అది అలవాటయ్యాక లాభం 4 శాతం దగ్గర స్థిరపడిందని అక్కడి ప్రభుత్వ సంస్థే తర్వాత లెక్క తేల్చింది. రెండు లైట్లూ వెలుగుతున్న బండికి మూడోది పెడితేనే అంత లాభం. నా బండికి ఒక్కటీ వెలగలేదు.

చట్టం కూడా ఈ దీపాన్ని మరిచిపోలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 102వది ఇండికేటర్లు, బ్రేక్ లైట్ల గురించే. సరుకు మోసే బండికి ఎనిమిదేళ్ళు దాటాక ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. మా బండికీ చేయించాను, ఆ రోజు అన్నీ వెలిగాయి. కాగితం చెప్పేది ఆ ఒక్కరోజు సంగతి. మిగతా రోజులకు పూచీ స్టీరింగు పట్టుకున్నవాడిది. కాగితం ఉంది కదా అని ఆ పూచీని నేను కాగితం మీదికి నెట్టేశాను.

నా మూర్ఖత్వం వైరింగ్ రాకపోవడం కాదు. రానిది నేర్చుకోవచ్చు, వచ్చినవాణ్ణి అడగవచ్చు. వెతకాల్సిన చోట మార్చుకుంటూ పోయాను, అడగాల్సిన చోట సిగ్గుపడ్డాను. బండి ఆగుతోంది కదా అని వెనక వచ్చే మనిషిని లెక్కలోంచి తీసేశాను. మొదటి రెండింటికీ బల్బులు, ఫ్యూజులు పోయాయి. మూడోదానికి ఒక మనిషి చేయి విరిగింది.

పత్తి, వడ్లు మోసే పాత ట్రాలీలు, ట్రాక్టర్లు నడిపే అన్నలకు, తమ్ముళ్ళకు నా మనవి ఇది. ఈ సాయంత్రమే బండి లైట్లన్నీ ఆపి, ఇంట్లో ఒకరిని వెనక నిలబెట్టి, బ్రేకు తొక్కి అడగండి. ఒకటి వెలగకపోతే బల్బు చూడండి. రెండూ వెలగకపోతే ఫ్యూజు, పెడల్ స్విచ్, ఎర్త్ వరసగా చూడండి. ఫ్యూజు మళ్ళీ మళ్ళీ పోతుంటే షార్ట్ ఎక్కడుందో వెతికించండి, దాని స్థానంలో ఎన్నడూ రాగి వైరు చుట్టకండి. ఎరువు దించిన రోజే బండి వెనక భాగం కడగండి. పరదా కొసలు లైట్ల మీద పడకుండా పైకి మడిచి కట్టండి. లైట్లు లేని ట్రాక్టర్ ట్రాలీకి లైట్లు పెట్టించండి, అది అయ్యేదాకా కనీసం ఎర్ర రేడియం పట్టీ అంటించండి. మీ వెనక వచ్చేవాడు ఎవరైనా సరే, బ్రేక్ లైటు వెలగనంతవరకు బండిని రోడ్డు మీదికి తేకండి.